మంగళవారం సగం ధర

మంగళవారాల్లో టికెట్టు సగం ధర.
అందుకే వెళ్తాను, కళ మీద మోజుతో కాదు.
వల్పరైసో కొండ మీంచి తుప్పుపట్టిన లిఫ్టు పెట్టెలో దిగి
రేవు వైపు రెండు వీధులు నడిచి
పాకం పట్టిన పల్లీల పొట్లం కోటు జేబులో దాచుకుని.

పక్క సీట్లో ఒందీనా. పగలంతా తాళంచెవులు కోస్తుంది.
కథ నడిచేటప్పుడు నిద్రపోతుంది,
కొట్లాట మొదలవగానే లేచి కూర్చుంటుంది.
"ఏం జరిగింది బౌతిస్తా?"
"ఏం లేదు. ఆ కుర్రాడి తండ్రి రాజట."
"ఈసారి కూడానా," అని పల్లీల కోసం చెయ్యి చాపుతుంది.

నేను కిటికీలకు అద్దాలు బిగించేవాణ్ణి.
ముప్ఫై ఒక్క ఏళ్లు. కుడి బొటనవేలి మీద ఏడు గాట్లు,
ఒక్కోటీ ఏ ఇంట్లో పడిందో చెప్పగలను.
అందుకని
హీరో నలభయ్యో అంతస్తు అద్దాన్ని బద్దలుకొట్టుకుని దూకి
చొక్కా దులుపుకుని పోతే
నాకు చప్పట్లు రావు, లెక్కలొస్తాయి:
రెండు పొరల అద్దం, మీటరున్నర వెడల్పు,
క్రేను అద్దె, ఇద్దరు మనుషులు, సెలవు రోజు కూలి.
లోకాన్ని కాపాడాడు సరే,
బిల్లు ఎవరి పేరున రాయమంటారు?

అంతరిక్షంలో చప్పుడుండదట.
ఒందీనా మేనల్లుడు ఇసిద్రో చెప్పాడు, బళ్లో సైన్సు చెప్తాడు.
ఉండకపోతే మానె.
మూగగా పేలే ఓడకి నేను డబ్బు కట్టను.
సగం ధర కూడా.

డ్రాగన్లకి నేను అడ్డు చెప్పను.
నిప్పు ఎక్కణ్ణించి వచ్చిందనీ అడగను.
కళ్లు మాత్రం ఎవరో ఒకర్ని చూడాలి.
కత్తి పట్టినవాడు ఎదురుగా నిలబడి వణుకుతుంటే
వాడి భుజం మీదుగా గోడని చూసే డ్రాగను
నాకు జీతానికి వచ్చినదానిలా కనిపిస్తుంది.

మంత్రాలూ అంతే. ఎన్నయినా నమ్ముతాను.
గంటసేపు మాటైనా రాని మంత్రం
ఆఖరి పది నిమిషాల్లో ముసలాయన జోలెలోంచి బయటపడితే
దాన్ని మంత్రం అనరు, అప్పు తీర్చలేనివాడు చూపించే
కొత్త చుట్టం అంటారు.

ఒకసారి ఒకడు కాలంలో వెనక్కి వెళ్లి
చచ్చినవాళ్లందర్నీ తోడ్కొని వచ్చాడు.
హాలంతా ఏడ్చింది.
ఒందీనా ఇంటికి ఎక్కే మెట్ల మీద
నూట పది దాకా ఏమీ మాట్లాడలేదు.
ఆనక అంది,
"వచ్చారనుకో. వాళ్ల గది అద్దెకిచ్చేశాం కదా."

పోయిన మంగళవారం
గ్రహాన్ని చీల్చే ఫిరంగిని అటు తిప్పుతున్నారు,
సీటు కదిలింది.
కొత్త స్పీకర్లు పెట్టారనుకున్నాం.
తర్వాత పైకప్పు దీపాలు ఊగాయి.
ఎవరూ అరవలేదు, ఎవరూ లేవలేదు.
ఈ ఊళ్లో ముందు లెక్కపెడతారు, తర్వాత పరిగెడతారు.
చీకట్లో రెండు వందల మంది
పెదాలు కదుపుతూ.
నేను పదకొండు దగ్గరున్నాను, ఆగింది.

తెర మీద గ్రహం ముక్కలవుతూనే ఉంది,
సముద్రాలు, గోపురాలు, పిల్లల ఉయ్యాలలు.
ఒక్కరూ అటు చూడ్డం లేదు.
వెనక వరసలోంచి ఓ పెద్దాయన,
"కాస్త వెనక్కి తిప్పండయ్యా, ఎవరు చచ్చారో చూళ్లేదు!"
అప్పుడు నవ్వాం. అవసరమైనదానికన్నా గట్టిగా.

నాకొక సినిమా కావాలి.
ఆఖరి యుద్ధం అయిపోయాక, జెండాలు దించేశాక,
మర్నాడు పొద్దున్నే ఎవడో ఒకడు
పాత పేపర్లూ చీపురూ పట్టుకుని వచ్చి
వంగి
గాజుపెంకులు ఏరుతూ, పక్కవాణ్ణి
టీ తాగావా అని అడగాలి.
రెండు నిమిషాలు చాలు. సంగీతం అక్కర్లేదు.

బయటికొచ్చి అలవాటుగా తలెత్తి చూశాను.
కస్టమ్స్ ఆఫీసు అద్దాలన్నీ క్షేమం.
ఎదురు మేడ, రెండో అంతస్తు, ఎడమ చివర
చిన్నదొకటి మూలకి చీలింది.
ఇంటి నంబరు పల్లీల పొట్లం మీద రాసుకున్నాను.

"వచ్చేవారం మేఘాల మీద రాజ్యమట," అంది ఒందీనా.
"కిటికీలుంటాయా?"
"పోస్టరు నిండా అవే."